ఓడినవాడికీ తొమ్మిది

పోయిన ఆదివారం అన్నాల వేళకి తిరువూరు నుంచి ఫోనొచ్చింది. "టీచరమ్మగారూ, పెద్ద టీచరమ్మగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారండీ. పొద్దున కాఫీ తాగారు. ఆరాధన గంట కొట్టేసరికి లేరు" అంది అవతలి గొంతు. ఆ గొంతు ఒకప్పుడు నా దగ్గర అక్షరాలు దిద్దుకున్న పిల్లది, మా బడి కమిటీలో ఉన్న చర్చి సంఘపెద్దగారి మనవరాలిది. ఇప్పుడు ఆ అమ్మాయికే మనవలున్నారు. విజయవాడలో మా వంటింట్లో వడ్డించిన కంచం ముందు నిలబడి, ఫోను ఎడమచేత్తో పట్టుకుని విన్నాను. ఏ చేత్తో పట్టుకున్నానో ఎందుకు చెబుతున్నానా అనుకుంటారేమో, చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

పెద్ద టీచరమ్మగారంటే తిరువూరులో నేను పనిచేసిన మిషను బడికి హెడ్మిస్ట్రెస్. తొంభై దాటి చాలా కాలమైంది కాబట్టి, పోయారంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. కంచం పక్కకి జరిపేసి చాలాసేపు ఏడ్చాను.

ఆవిడ గురించి సంతాపసభలో మాట్లాడేవాళ్ళు ఎందరికి చదువు చెప్పారో, ఎన్ని ఇళ్ళు నిలబెట్టారో చెబుతారు. అవన్నీ నిజమే. వాళ్ళు మొహమాటపడి వదిలేసేది ఒకటుంది, అది నేను రాస్తాను. ఆవిడకి బాక్సింగంటే పిచ్చి. తెల్ల నేతచీర, మోచేతుల దాకా జాకెట్టు, చంకలో బైబిలు సంచి, నడుస్తుంటే చెప్పుల చప్పుడు కూడా వినబడని మనిషి. అలాంటావిడకి, ఇద్దరు మగవాళ్ళు చొక్కాల్లేకుండా చేతులకి తోలు తొడుగులేసుకుని ముక్కులు పగలగొట్టుకునే ఆట అంటే ప్రాణం.

దానికి కారణం వాళ్ళ నాన్నగారు. ఆయన రైల్వేలో గార్డు. ఏ ఊరికి బదిలీ అయితే ఆ ఊరి రైల్వే కాలనీలో ఈవిడ పెరిగారు. ఆ కాలనీల్లో ఇన్‌స్టిట్యూట్ అని ఉద్యోగులు సాయంత్రాలు ఆడుకునే హాలొకటి ఉండేదట. శనివారాలు అందులో చుట్టూ తాళ్ళు కట్టి బాక్సింగు పెట్టేవాళ్ళట. ఫైర్‌మన్లూ ఫిట్టర్లూ దిగి కొట్టుకునేవాళ్ళు. గార్డుగారు కూతుర్ని ఒక పక్కా కొడుకుని ఒక పక్కా కూర్చోబెట్టుకుని మార్కులు వేయించేవారు. ఇంటికి నడిచొచ్చేటప్పుడు ఎవరు గెలిచారని ఆయన ఎప్పుడూ అడిగేవారు కాదట. "నువ్వెంతెంత వేశావ్?" అని అడిగేవారట. అక్కడ కూర్చున్న జడ్జీలు ఏం చెప్పినా, మన లెక్క మనకుండాలని ఆయన పట్టుదల.

ఆ తమ్ముడు పెద్దయ్యాక రైల్వేలోనే చేరాడు. వాళ్ళ ఇన్‌స్టిట్యూట్‌కి పాత బాక్సింగు పోటీల ఫిల్ములు వచ్చేవి. అన్నీ వెనకటి కాలం నాటివి, నలుపు తెలుపువి. వాళ్ళు చూసేశాక ఒకటి రెండు వారాలు అక్కకి పంపేవాడు. రేకు డబ్బాలు గోనెసంచిలో కట్టి బెజవాడలో తిరువూరు బస్సు కండక్టరు చేతిలో పెడితే, అవి మా బడికి చేరేవి. మా బడిలో మిషను వాళ్ళిచ్చిన చిన్న ప్రొజెక్టరు ఉండేది. క్రిస్మస్ నెలలో ఏసుప్రభువు కథ చూపించిన ప్రొజెక్టరులోనే తక్కిన నెలల్లో బాక్సర్లు తన్నుకునేవాళ్ళు. టీవీ అన్న మాట మా ఊళ్ళో ఇంకా ఎవరికీ తెలియని డెబ్బైల సంగతి ఇది. బాక్సింగు మీద మా తిరువూరు పిల్లలకున్నంత జ్ఞానం బెజవాడ కాలేజీ కుర్రాళ్ళకి కూడా ఉండేది కాదని నా గట్టి నమ్మకం. గొప్పలు చెప్పుకుంటున్నాననుకోకండి, కొంచెం చెప్పుకుంటున్నాను.

మార్కుల పద్ధతి తేలికే. రౌండుకి మూడు నిమిషాలు. రౌండు గెలిచినవాడికి పది. ఓడినవాడికి తొమ్మిది. దెబ్బ తిని కిందపడి లేచినవాడికి ఎనిమిది. పిల్లలందరూ పలకలు తెచ్చుకునేవారు. గ్రౌండులో చెట్టుకొమ్మకి వేలాడదీసిన రైలుపట్టా ముక్కే మా బడి గంట. రౌండు అయిపోగానే దాన్ని సుత్తితో మోగిస్తే పలకల మీద బలపాల చప్పుడు మొదలయ్యేది. ఇంగ్లీషు పేర్లు నోరు తిరక్క బాక్సర్లకి మేమే పేర్లు పెట్టుకునేవాళ్ళం. మీసాలాయన, పొట్టాయన, బట్టతలాయన.

"ఓడినవాడికి తొమ్మిది ఇచ్చే ఆట ఇంకోటి చెప్పు చూద్దాం" అనేవారు పెద్ద టీచరమ్మగారు. "కబడ్డీలో ఇస్తారా? పరీక్షల్లో మనమిస్తామా?" ఆ మాట ఆవిడ ఊరికే అనలేదు. నేను లెక్కల పేపర్లు దిద్ది తీసుకెళ్తే సున్నాలొచ్చినవన్నీ పైకి తీసేవారు. "ఈ పిల్ల పరీక్షకి వచ్చిందా?" అని అడిగేవారు. వచ్చిందండీ అంటే, "వచ్చి మూడు గంటలు కూర్చుంది కదమ్మా, సున్నా ఎట్లా వేశావ్? మళ్ళీ చూడు" అని వెనక్కిచ్చేవారు. మళ్ళీ చూస్తే ఎక్కడో ఒక మెట్టు సరిగ్గా వేసే ఉండేది. చూడనిది నేనే.

ఆవిడ గదిలో ఒక ముక్కాలిపీట ఉండేది. ఏడుస్తూ ఎవరొచ్చినా, కోపంతో ఎవరొచ్చినా, ముందు దాని మీద కూర్చోబెట్టి ఒక గ్లాసు నీళ్ళిచ్చేవారు. "ఒక్క నిమిషం ఏమీ మాట్లాడకు. ఊపిరి తీసుకో" అనేవారు. బాక్సర్లు రౌండుకీ రౌండుకీ మధ్య మూలకెళ్ళి కూర్చుంటారు చూడండి, అదీ ఆ పీట. పిల్లల తల్లిదండ్రులకి ఆ సంగతి తెలీదు. అమ్మగారికి నీళ్ళివ్వడం అలవాటు అనుకునేవారు.

ఇక నా సంగతి. నేను ఎ.కొండూరు పిల్లని. టీచరు ట్రైనింగు అవగానే ఆ బడిలో చేరాను. మొదటి ఏడాది తాత్కాలికం. ఏడాది చివర కమిటీ కూర్చుని, ఈ పంతులమ్మ పనికొస్తుందంటేనే ఉద్యోగం ఖాయం. నాకు ఆ ఉద్యోగం ఎంత కావాలో చెప్పలేను. నల్లబల్ల ముందు నిలబడి వెనక్కి తిరిగితే అన్ని కళ్ళు నా వైపు చూస్తుంటాయే, ఆ చోటు కోసం చిన్నప్పటినుంచీ కలలు కన్నాను.

చిక్కంతా నా చేతితో వచ్చింది. నాది పుట్టుకతో ఎడమచేతి వాటం. అన్నం తినడానికీ, ఎవరికైనా ఏదైనా అందించడానికీ కుడిచెయ్యి వాడేలా మా అమ్మ నన్ను దారిలో పెట్టింది. ఎడమచేతికి గుడ్డ చుట్టింది, గరిటెతో అంటించింది. రాత దగ్గర మాత్రం ఆవిడ వల్ల కాలేదు. కుడిచేత్తో రాస్తే నా అక్షరాలు కోడి కెలికినట్టుంటాయి. ఎడమచేత్తో రాస్తే అచ్చేసినట్టుంటాయి. తరగతిలో ఎడమచేత్తోనే రాసేదాన్ని. ఎవరైనా పెద్దవాళ్ళు గుమ్మంలో కనబడితే గబుక్కున సుద్దముక్క కుడిచేతిలోకి మార్చేదాన్ని.

మా సంఘంలో పిడికెడు బియ్యం అని ఒక అలవాటుంది. అన్నం వండబోయే ముందు ప్రతి ఇంట్లోనూ ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన పెడతారు. ఆదివారం అవన్నీ తెచ్చి గుడిలో బుట్టలో పోస్తారు, లేనివాళ్ళకి వండిపెట్టడానికి. ఒక ఆదివారం నేను ఏదో ఆలోచిస్తూ బుట్టలోకి ఎడమచెయ్యి పెట్టాను. వెనకే ఉన్న సంఘపెద్దగారి భార్య నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "దేవుడి బుట్టలో ఎడంచెయ్యేంటే పిల్లా! పంతులమ్మవి, ఆ మాత్రం తెలీదూ?" అంది, గుడంతా వినేటట్టు. కుడిచేతిలోకి మార్చుకుని పోశాను. సగం బియ్యం కింద పోయాయి. వంగి ఏరుకుంటుంటే బియ్యంగింజలు కళ్ళకి సరిగ్గా కనబడలేదు.

తర్వాత వారమే సంఘపెద్దగారు బడికొచ్చారు. ఆయనకి గంపలగూడెం దగ్గర మాగాణి, సంఘంలో పలుకుబడి. ఆయన మాట కమిటీలో ఎవరూ తీసేయరు. ఆయన మనవరాలు నా తరగతిలోనే ఉండేది.

"అమ్మగారూ, మా పిల్ల ఎడంచేత్తో రాస్తందండి" అన్నారు, పెద్ద టీచరమ్మగారి గదిలో నిలబడే. "మా ఇంటా వంటా లేదండి ఈ జబ్బు. ఈ పంతులమ్మని చూసి నేర్చింది. రేపు దీన్ని ఎవరు చేసుకుంటారండి? ఎడంచేత్తో అన్నం పెడితే ఎవుడు తింటాడు?"

"కూర్చోండి పెద్దయ్యగారూ. నీళ్ళు తాగండి" అన్నారావిడ.

ఆయన కూర్చోలేదు. "సోమవారం కమిటీ ఉంది గదండి. అక్కడ తేల్చేస్తాను" అని వెళ్ళిపోయారు.

గుమ్మం పక్కన నిలబడి అంతా విన్న నేను లోపలికెళ్ళి, ఆయన కూర్చోని పీట మీద కూర్చుని బావురుమన్నాను. ఆవిడ నీళ్ళిచ్చారు. నిమిషం ఆగారు. అప్పుడు ఏం ఓదారుస్తారోనని నేను చూస్తుంటే, "శనివారానికి కొత్త బొమ్మ వచ్చిందమ్మా. గేటు దగ్గర బోర్డు రాసిపెట్టు. పెద్దయ్యగారికి నేను కబురు చేస్తాలే, ఈసారి ఆయన్నీ రమ్మందాం" అన్నారు. నా బతుకు ఇలా తగలబడుతుంటే ఈవిడకి బాక్సింగు కావలసొచ్చిందా అని ఒళ్ళు మండిపోయింది. బోర్డు రాయడానికి పోయాను.

ఆ కోపంలో నేనొక ఘనకార్యం చేశాను. రోడ్డు మీద పోయేవాళ్ళు చూస్తారని కుడిచేత్తో రాయాల్సొచ్చింది. బాక్సింగు అని రాస్తే తెలుగు టీచరుకి పరువు తక్కువని, "ముష్టియుద్ధ చిత్ర ప్రదర్శన, అందరూ రావచ్చు" అని రాయబోయాను. కుడిచేతి అక్షరాలు లావుగా పడి "ముష్టి" అన్న మాటే సగం బోర్డు తినేసింది. మిగతాది కింద ఇరుకులో నలిగిపోయింది. శనివారం సాయంత్రానికి బస్టాండు దగ్గర అడుక్కునే ముసలి మొగుడూ పెళ్ళాం సత్తు గిన్నెలు పట్టుకుని గేట్లో నిలబడ్డారు.

"ముష్టి ఏత్తారంట గదమ్మా? ఎవరో బోర్డు చదివి చెప్పారు. అందరూ రావచ్చన్నారంట" అంది ముసలమ్మ.

నాకు సిగ్గుతో ప్రాణం పోయింది. పెద్ద టీచరమ్మగారు ముందు నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నారు. తర్వాత వాళ్ళిద్దర్నీ లోపలికి పిలిచి, పిడికెడు బియ్యంతో వండించిన అన్నం పెట్టించారు. వాళ్ళు తినేదాకా బొమ్మ మొదలు పెట్టనివ్వలేదు. నాతో మాత్రం, "నువ్వు తప్పేం రాయలేదులే. ముష్టి అంటే పిడికిలే కదమ్మా. గుద్దేవాడిదీ పిడికిలే, బియ్యం పోసేవాడిదీ పిడికిలే" అన్నారు. ఆ దంపతుల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు.

మా బడిలో బొమ్మ వేసే తీరు కూడా చెప్పాలి. వరండాకి ఎదురుగా రెండు రాటలు పాతి, పల్చటి తెల్లగుడ్డ కట్టి, దాని మీద నీళ్ళు చల్లేవాళ్ళం. ప్రొజెక్టరు గ్రౌండులో బల్ల మీద ఉండేది. పిల్లలూ మగవాళ్ళూ గ్రౌండులో కూర్చునేవారు. ఆడవాళ్ళూ పెద్దమనుషులూ తెరకి వెనక, వరండాలో కుర్చీలూ బెంచీల మీద కూర్చుని చూసేవారు. చొక్కాల్లేని మగవాళ్ళ బొమ్మని మగవాళ్ళతో కలిసి కూర్చుని చూడటం బాగుండదని సంఘంలో ఎవరో అంటే కుదిరిన ఏర్పాటు అది. తడిసిన గుడ్డ కాబట్టి వెనక వాళ్ళకీ బొమ్మ బాగానే కనబడేది. పెద్ద టీచరమ్మగారు ఎప్పుడూ వెనకే కూర్చునేవారు. గంట కొట్టడం, పిల్లల పలకలు చూడటం నా పని కాబట్టి నేను ముందుండేదాన్ని.

ఆ శనివారం సంఘపెద్దగారు నిజంగానే వచ్చారు. ఉత్తరీయం సర్దుకుని వరండాలో కుర్చీలో కూర్చున్నారు. ఆయన చేతికి కూడా ఒక పలక ఇచ్చి, పది తొమ్మిది సంగతి పెద్ద టీచరమ్మగారు వివరించారట. బొమ్మ మొదట్లో ఇంగ్లీషు అక్షరాలు పడితే, "ఇదేంటండీ అక్షరాలు తిరగబడి ఉన్నాయీ" అని పక్కాయన అన్నాడట. "ఇంగ్లీషు గదా, అట్టాగే ఉంటదిలే" అన్నారట పెద్దయ్యగారు. ఆ ముక్క తర్వాత ఆవిడ నాకు చెప్పి చెప్పి నవ్వేవారు.

పదిహేను రౌండ్ల పోటీ. ఒకడు పొడుగ్గా, మీసాలతో ఉన్నాడు. ఇంకొకడు పొట్టివాడు. మొదటి రౌండులో ఆ పొట్టివాడు నిలబడిన తీరు చూసి నా చేతిలో సుత్తి కిందపడబోయింది. అందరూ ఎడమచెయ్యి ముందు పెట్టి కుడిచెయ్యి దాచుకుంటారు. వీడు కుడిచెయ్యి ముందు పెట్టాడు. దాచుకున్నది ఎడమచెయ్యి. అంతవరకూ మా గ్రౌండులో ఎన్ని బొమ్మలు చూశానో, అలాంటివాణ్ణి చూడలేదు. ఇంత పెద్ద జనం మధ్య, అన్ని దీపాల కింద, ఒక మనిషి ఎడమచెయ్యిని దర్జాగా వాడుకుంటున్నాడు, ఎవరూ వాడి మణికట్టు పట్టుకోవడం లేదు. సోమవారం సంగతి మర్చిపోయి చూశాను. గంట కొట్టడం ఆలస్యమైతే పిల్లలు "టీచర్ గంట, టీచర్ గంట" అని అరవాల్సొచ్చింది.

డబ్బా మార్చడానికి దీపాలు వేసినప్పుడు మంచినీళ్ళ కోసం వరండాలోకి వెళ్ళాను. సంఘపెద్దగారు కుర్చీ అంచు మీదకి జరిగి కూర్చున్నారు. మొహం వెలిగిపోతోంది.

"ఏం పొట్టాడండీ వాడు! నేను బాప్తిస్మం పుచ్చుకోకముందు కోడిపందేల్లో ఇట్టాంటి పుంజుని ఒక్కదాన్నే చూశా. ఆ కుడిచెయ్యి చూశారా అమ్మగారూ? ఎప్పుడొస్తదో తెలవదు. ఏం కుడిచెయ్యండీ అది!"

నేను నోరు తెరిచాను. పెద్ద టీచరమ్మగారు నా వైపు ఒక్క చూపు చూశారు, అంతే, మూసేశాను. "అవునండీ పెద్దయ్యగారూ, మంచి చెయ్యి" అన్నారావిడ, చాలా నెమ్మదిగా.

వెనకనుంచి చూస్తే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. అప్పటిదాకా ఆ సంగతి నాకు తట్టనే లేదు. వచ్చిన బొమ్మలో ఎడమచేతివాడు ఉన్నాడని ఆవిడకి ముందే తెలుసో, లేక అనుకోకుండా అలా కుదిరిందో, నేను చాలాసార్లు అడిగాను. "దెబ్బలు కొట్టేవాణ్ణి అందరూ చూస్తారు, తినేవాడి కాళ్ళు చూడు అని నీకు చెప్పానా లేదా?" అని మాట మార్చేసేవారు.

పద్నాలుగో రౌండు అయింది. పలకలన్నీ దాదాపు సమానంగా ఉన్నాయి. ఆఖరి రౌండు డబ్బా ఎక్కించారు. తెర మీద రైల్వే గేటు పడింది. గేటు ఎలా వెయ్యాలో, పచ్చజెండా ఎలా ఊపాలో ఒకాయన చూపిస్తున్నాడు. రైల్వేవాళ్ళ ట్రైనింగు ఫిల్ము ఏదో డబ్బా మారి వచ్చింది. గ్రౌండంతా గోలగోల. పిల్లలు పలకలు కొడుతున్నారు. అన్నిటికన్నా పెద్దగొంతు వరండాలోంచి వచ్చింది.

"ఆఖరి రౌండేదిరా? ఎవుడు గెలిచాడో చెప్పకుండా గేట్లు మూసేదేంటి?" అంటూ సంఘపెద్దగారు పలక పట్టుకునే తెర చుట్టూ తిరిగి ముందుకొచ్చారు.

ప్రొజెక్టరు వేసే డ్రిల్లు మాస్టారు భయపడి, ఆయన్ని శాంతపరచడానికి వెనకటి డబ్బా తిప్పి పద్నాలుగో రౌండు మళ్ళీ వేశారు. పెద్దయ్యగారు ప్రొజెక్టరు పక్కనే, నాకు రెండు గజాల దూరంలో నిలబడి చూశారు. తెర మీద పొట్టివాడు ఎడమచెయ్యి విసిరాడు. మీసాలాయన తల వెనక్కి పోయింది.

"ఫిల్ము తిరగేసి ఎక్కించావేంటయ్యా?" అన్నారు పెద్దయ్యగారు.

"లేదండీ. సరిగ్గానే ఎక్కించాను. మీరే అటునుంచి చూశారు" అన్నారు డ్రిల్లు మాస్టారు.

ఆయన తెర చుట్టూ నడిచి వెనక్కెళ్ళి చూశారు. మళ్ళీ ముందుకొచ్చి చూశారు. ఇంకోసారి వెనక్కెళ్ళారు. పిల్లలు ఆయన వెంట తలలు తిప్పుతున్నారు. ఆయన మళ్ళీ ముందుకొచ్చేసరికి పెద్ద టీచరమ్మగారు వచ్చి ఆయన పక్కన నిలబడ్డారు. ఆవిడ తెరకి ముందుపక్కకి రావడం నేను చూసింది అదొక్కసారే.

"పెద్దయ్యగారూ, మార్కులు మారుస్తారా?" అని అడిగారు.

ఆయన చేతిలో పలక. ఆయన చూపుడువేలు ఆ పలక అంచు మీద ఉంది. ఒక్క తుడుపు తుడిస్తే చాలు. ఆయన పలక చూశారు, తెర చూశారు. నా వైపు, నా చేతిలో సుత్తి వైపు చూశారు. నేను ఎడమచేత్తోనే పట్టుకుని ఉన్నానని నాకప్పుడు తెలిసింది. మార్చుకోబోయి, ఎందుకో మార్చుకోలేదు.

"వేసింది వేశాను" అన్నారాయన. పలక నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

సోమవారం కమిటీలో నా పేరు వచ్చినప్పుడు ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఉండనీండి" అన్నారట. అంతకన్నా ఒక్క మాట అనలేదట. నేను ఆ బడిలోనే రిటైరయ్యాను. సంఘపెద్దగారి భార్య మాత్రం తను పోయేదాకా బియ్యం బుట్ట దగ్గర నా చెయ్యి కనిపెడుతూనే ఉంది. పెద్దయ్యగారు మనవరాలికి బడిలో ఎడమచేత్తో రాసుకోమనీ, ఇంట్లో కుడిచేత్తో తినమనీ రాజీ చేశారు. "పిల్ల ఈ పంతులమ్మని చూసి నేర్చిందనుకున్నా. దానిదీ అదే వాటం అంట అమ్మగారూ, ఇన్నాళ్ళూ మేం చూసుకోలేదు" అని ఆయనే ఒకసారి వచ్చి చెప్పారు. ఆ రోజు ముక్కాలిపీట మీద కూర్చున్నారు, నీళ్ళు కూడా తాగారు.

ఆ ఆఖరి డబ్బా ఎప్పటికీ రాలేదు. తమ్ముడు ఎంత వెతికించినా దొరకలేదు. పెద్దయ్యగారు సంతలో కనబడినా, గుడి మెట్ల మీద కనబడినా, "ఆఖరి డబ్బా వచ్చిందా అమ్మా?" అని అడిగేవారు. ఆ పొట్టాయన గెలిచాడో ఓడాడో తెలియకుండానే వెళ్ళిపోయారు. తర్వాత రోజుల్లో ఫోన్లలో అన్నీ దొరుకుతున్నాయని, వెతికి చూపిస్తామని ఆయన మనవరాలు పెద్ద టీచరమ్మగారిని ఎన్నిసార్లో అడిగింది. ఆవిడ ఒప్పుకోలేదు. "మా పెద్దయ్యగారు చూడలేదు కదమ్మా, నాకూ వద్దు" అనేవారు. ఎవరి గురించైనా చెడ్డగా మాట్లాడుతుంటే కూడా, "నువ్వు చూశావా? చూడని రౌండుకి మార్కులు వెయ్యకు" అని ఆపేసేవారు. ఆ మాట మీద కొందరికి ఆవిడంటే కోపం కూడా వచ్చేది. నాకూ వచ్చేది, మా ఆడపడుచు గురించి చెప్పుకుందామని వెళ్ళినప్పుడల్లా.

పోయిన ఏడాది ఆవిడకి పక్షవాతం వచ్చింది. చూడటానికి వెళ్ళాను. కుడిచెయ్యి పూర్తిగా పడిపోయింది. మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. పక్కనే పలక, దాని మీద వంకరటింకర అక్షరాలు. ఆ వయసులో ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటున్నారు. పనమ్మాయి కాఫీ తెచ్చి బల్ల మీద పెడితే, ఆ కప్పు తనే తీసి నాకిస్తానని పట్టుబట్టారు. ఎడమచేత్తో కప్పు ఎత్తారు.

"ఎడంచెయ్యి, ఏమీ అనుకోకమ్మా" అన్నారు.

ఆ మాట మనం రోజూ అనుకునేదే. ఆ రోజు ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇక నవ్వు ఆపుకోలేకపోయాం. నేను ఎడమచేత్తోనే అందుకున్నాను. కాఫీ సగం సాసర్లో పడింది. "నా రాత ఎలా ఉంది?" అని పలక చూపించారు. బాగాలేదండీ అన్నాను. "ఎంత వేస్తావ్?" అన్నారు. తొమ్మిది వేశాను. ఆవిడ చాలా సంతోషించారు.

అదే నేను చూసిన ఆఖరి రౌండు. తర్వాతిది చూడలేదు కాబట్టి దాని గురించి రాయను.

సోమవారం పొద్దున తిరువూరు చేరాను. అంతకుముందు రాత్రి వాన పడింది. సమాధుల తోటలో ఎర్రమట్టి కాళ్ళకి అంటుకుంటోంది. పాస్టరు అయ్యగారు వాక్యం చదివారు. పెట్టె దించాక ఒక్కొక్కరూ వంగి, పిడికెడు మట్టి తీసి వేస్తున్నారు. నా వంతు వచ్చింది. వంగాను. తీశాక చూసుకుంటే మట్టి ఎడమచేతిలో ఉంది. ఒక్క క్షణం ఆగిపోయాను. ఎవరో వచ్చి మణికట్టు పట్టుకుంటారేమోనన్న భయం ఈ వయసులో కూడా పోలేదు. కుడిచేతిలోకి మార్చుకోవడానికి చెయ్యి సగం జరిపాను కూడా.

పక్కకి చూస్తే, పెద్దయ్యగారి మనవరాలు కూడా వంగి లేచింది. ఆమె పిడికిలి కూడా ఎడమదే. నన్ను చూసి, ఏడుస్తూనే, మార్చుకోవద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ఇద్దరం కలిసి పిడికిళ్ళు విప్పాం. మట్టి పెట్టె మీద పడిన చప్పుడు వినిపించింది. తర్వాత కూడా నా ఎడమచెయ్యి చాలాసేపు అలాగే చాపి ఉంచాను, అరచేతికి అంటిన ఎర్రమట్టి దులపకుండా, అందరూ చూస్తుండగా.